ఫ్రీ ఆన్‌లైన్ కోర్సులతో ఎలక్ట్రానిక్స్: మొదటి ఎల్‌ఈడీ నుంచి సొంత సర్క్యూట్ దాకా

ఎలక్ట్రానిక్స్ నేర్పే ఫ్రీ కోర్సులకు ఇవాళ కొదవ లేదు. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలున్నాయి, ఎంఐటీ పాఠాలున్నాయి, తెలుగులో చెప్పే యూట్యూబ్ ఛానళ్లూ బోలెడు. అయినా ఉత్సాహంగా మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. 2012లో ఎంఐటీ తన మొదటి ఉచిత ఆన్‌లైన్ కోర్సుగా ‘సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్’ను పెట్టినప్పుడు సుమారు 1,55,000 మంది పేరు నమోదు చేసుకున్నారు. చివరిదాకా నిలిచి పాసైనవాళ్లు ఏడు వేల పైచిలుకు మాత్రమే. వాళ్లలో పూర్తి మార్కులు తెచ్చుకున్న ఒక కుర్రాడు మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో చదివే 15 ఏళ్ల విద్యార్థి. ఆ స్కూల్ పిల్లలు వీడియోలు చూసి ఊరుకోలేదు. స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఒక ఇంజనీర్ దగ్గర నిజమైన పరికరాలతో ల్యాబ్ కూడా చేశారు.

ఈ గైడ్ మొత్తం ఆ ల్యాబ్ చుట్టూనే తిరుగుతుంది. కోర్సు ఏదైనా సరే, ప్రతి పాఠానికీ నాలుగు పనులు చేయాలి: కాగితం మీద లెక్క, సిమ్యులేటర్‌లో (సర్క్యూట్‌ను తెర మీద నడిపి చూపే సాఫ్ట్‌వేర్) సర్క్యూట్, బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే రంధ్రాల బోర్డు) మీద అదే సర్క్యూట్, చివర మల్టీమీటర్‌తో (వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్ కొలిచే మీటర్) కొలత. ఈ వరస తప్పకూడదు. ముందు కొలిచి తర్వాత లెక్క వేస్తే మన లెక్క తెలియకుండానే కొలతవైపు జరిగిపోతుంది. ముందుగా ఒక అంకె రాసుకుని కూర్చుంటేనే, మీటర్ వేరే అంకె చూపించినప్పుడు ‘ఎందుకు?’ అనే ప్రశ్న పుడుతుంది.

అడుగు 1: ముందు ఎంత వచ్చి ఉండాలి

పదో తరగతి ఫిజిక్స్‌లో ఓమ్ నియమం, శ్రేణి (సీరీస్) సంధానం, సమాంతర (ప్యారలల్) సంధానం చదివి ఉంటే చాలు. మర్చిపోయినా ఒక వారంలో గుర్తొస్తాయి. బీటెక్, డిప్లొమా చదివిన వాళ్లే మొదలుపెట్టాలన్న రూల్ ఏమీ లేదు.

లెక్కల్లో మూడు విషయాలు కావాలి: ఈక్వేషన్‌లో తెలియని విలువను రాబట్టడం, భిన్నాలు కూడటం, పదికి ఘాతాలు. అందరినీ ఇబ్బంది పెట్టేది మూడోదే. 15 మిల్లీఆంపియర్లంటే 0.015 ఆంపియర్లు అని తడుముకోకుండా చెప్పగలగాలి. ఇక్కడ ఒక చిట్కా ఉంది. వోల్టుల్ని కిలోఓమ్‌లతో భాగిస్తే జవాబు నేరుగా మిల్లీఆంపియర్లలో వస్తుంది. 5 వోల్టుల్ని 2 కిలోఓమ్‌లతో భాగిస్తే 2.5 మిల్లీఆంపియర్లు. సున్నాలు లెక్కపెట్టే పని తప్పుతుంది. కాల్‌క్యులస్ అవసరం కెపాసిటర్లను లోతుగా చదివేటప్పుడు వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు.

తెలుగు మీడియంలో చదివిన వాళ్లకు ఇంగ్లిష్ లెక్చర్ అనగానే టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఎలక్ట్రానిక్స్ పాఠాల్లో వాడే పదాలు పరిమితం, అవే పదే పదే వస్తాయి. మొదటి రెండు వారాలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, స్పీడ్ 0.75కి తగ్గించి వినండి. తర్వాత అలవాటైపోతుంది. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఉచిత పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్ కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు కూడా ఇస్తోంది. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్ట్‌లో పది నిమిషాల చిన్న వీడియోలుంటాయి, వాటిని భారతీయ భాషల్లోకి డబ్ చేస్తారు. మీకు కావాల్సిన సిరీస్ తెలుగులో ఉందో లేదో అక్కడే చూసుకోవచ్చు.

అడుగు 2: ఒక్క కోర్సు పట్టుకోండి

పది కోర్సుల్లో చేరడం కంటే ఒక్కటి ముగించడం మేలని అందరికీ తెలుసు. అయినా ఒక కోర్సులో కష్టమైన పాఠం తగలగానే ఇంకో కోర్సు మొదటి పాఠానికి వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. మొదటి పాఠం ఎక్కడైనా తేలికే కాబట్టి నేర్చుకుంటున్నట్టే అనిపిస్తుంది. అందుకే ఒకటి ప్రధాన కోర్సుగా పెట్టుకోండి. అర్థం కాని చోట మాత్రమే రెండోదాన్ని తెరవండి, సందేహం తీరాక వెనక్కి రండి.

అసలేమీ రాని వాళ్లకు ఖాన్ అకాడమీలోని ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విభాగం మంచి మెట్టు. పాఠాలు చిన్నవి, నెమ్మదిగా చెబుతారు. వోల్టేజ్, కరెంట్, సీరీస్, ప్యారలల్, కిర్కాఫ్ నియమాల దాకా అక్కడ పూర్తి చేయండి.

తర్వాత ప్రధాన కోర్సుగా నేను సూచించేది ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ బాంబే ప్రొఫెసర్ మహేశ్ పాటిల్ చెప్పిన ‘బేసిక్ ఎలక్ట్రానిక్స్’. సర్క్యూట్ సూత్రాలతో మొదలై డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ఆప్‌ఆంప్‌లు (రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను ఎన్నో రెట్లు పెంచే ఐసీలు), డిజిటల్ దాకా వెళ్తుంది. సిలబస్ మన ఇంజనీరింగ్ కాలేజీలకు దగ్గరగా ఉంటుంది. పాత రికార్డింగులు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి కాబట్టి రిజిస్ట్రేషన్ తేదీ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో 6.002 నంబరుతో ఉన్న ‘సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్’ ఇంకో మెట్టు పైన ఉంటుంది. 2007 నాటి ఆ వీడియో పాఠాలు చెప్పిన అనంత్ అగర్వాల్ ఐఐటీ మద్రాస్‌లో చదివినవారు. లాగిన్ లేకుండానే చూడొచ్చు. ఒక పరికరాన్ని ఎంతవరకు సరళం చేసి చూడొచ్చు, ఎక్కడ ఆ సరళత పనిచేయదు అన్నది ఆయన చెప్పినంత బాగా చెప్పేవాళ్లు తక్కువ. యూసీఎల్‌ఏ ప్రొఫెసర్ బెహ్జాద్ రజావీ ‘ఎలక్ట్రానిక్స్ 1’ పాఠాలు కూడా యూట్యూబ్‌లో ఉన్నాయి. అవి సెమీకండక్టర్ ఫిజిక్స్‌తో మొదలవుతాయి. అద్భుతమైన పాఠాలే, కానీ రెండో రౌండ్‌లో చూడాల్సినవి.

కోర్సెరా, ఎడెక్స్ లాంటి చోట్ల ‘ఫ్రీ’ అని రాసి ఉన్నా ఏది ఫ్రీ, ఎన్నాళ్లు ఫ్రీ అన్నది చేరే ముందే చదవండి. వీడియోలు చూడనిచ్చి అసైన్‌మెంట్లకు, సర్టిఫికెట్‌కు డబ్బు అడిగే కోర్సులు చాలానే ఉన్నాయి.

అడుగు 3: సిమ్యులేటర్

మొదట వాడాల్సింది పాల్ ఫాల్‌స్టాడ్ తయారుచేసిన సర్క్యూట్ సిమ్యులేటర్. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కరెంట్ పసుపు చుక్కలుగా కదులుతూ కనిపిస్తుంది. పాజిటివ్ వోల్టేజ్ ఉన్న వైరు ఆకుపచ్చగా, నెగెటివ్ ఉన్నది ఎర్రగా, గ్రౌండ్ బూడిద రంగులో ఉంటుంది. రెసిస్టర్ విలువ పెంచగానే చుక్కలు నెమ్మదిస్తాయి. పుస్తకంలో బొమ్మ చూసి ఊహించుకోవాల్సింది ఇక్కడ కళ్లముందే జరుగుతుంది.

బ్రెడ్‌బోర్డ్ మీద వైర్లు ఎక్కడ గుచ్చాలో సాధన చేయడానికి టింకర్‌క్యాడ్ బాగుంటుంది. అందులో రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీని 9 వోల్టులకు కలిపితే పేలినట్టు గుర్తు చూపిస్తుంది. ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు) కూడా అందులోనే ఉంది, బోర్డు కొనకముందే ప్రోగ్రాం రాసి చూడొచ్చు. కంప్యూటర్ ఉన్నవాళ్లు తర్వాత ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేటర్ నేర్చుకోవాలి. అనలాగ్ డివైసెస్ కంపెనీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, ఉద్యోగాల్లోనూ వాడతారు. పరికరాలు కొనలేని విద్యార్థులకు కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ఒక దారి. ఆ ప్రాజెక్ట్‌లో మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి.

అయితే సిమ్యులేటర్‌లో వైరు ఊడిపోదు, బ్యాటరీ దిగిపోదు, రెసిస్టర్ విలువ ఒక్క ఓమ్ కూడా అటూ ఇటూ పోదు. అందుకే అక్కడితో ఆగకూడదు.

అడుగు 4: కొనాల్సినవి

డిజిటల్ మల్టీమీటర్, 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డ్, జంపర్ వైర్లు, పావు వాట్ రెసిస్టర్ల సెట్, కొన్ని ఎల్‌ఈడీలు, 0.1, 10, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, బీసీ547 ట్రాన్సిస్టర్లు, 1ఎన్4007 డయోడ్లు, 555 టైమర్ ఐసీ, ఎల్‌ఎం358 ఆప్‌ఆంప్ ఐసీ, ఒక ఎల్‌డీఆర్ (వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గేది), 10 కిలోఓమ్‌ల పొటెన్షియోమీటర్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్), 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్. మామూలు రకం తీసుకుంటే ఇవన్నీ పెద్ద ఖర్చు కాదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. జిల్లాల్లో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఊళ్లో టీవీ, రేడియో రిపేర్ చేసే మెకానిక్‌తో పరిచయం పెంచుకుంటే ఇంకా మంచిది. ఒక్క రెసిస్టర్ కోసం పార్సిల్ వచ్చేదాకా ఆగాల్సిన పని ఉండదు, పైగా ఆయన చేతిలో మీటర్ ఎలా కదులుతుందో చూడటమే ఒక పాఠం.

బ్రెడ్‌బోర్డ్ రాగానే మీటర్‌ను కంటిన్యూటీ మోడ్‌లో పెట్టి ఏ రంధ్రం దేనితో కలిసి ఉందో మీరే కనుక్కోండి. మధ్య గాడికి రెండువైపులా ఐదేసి రంధ్రాలు ఒక వరసలో కలిసి ఉంటాయి. అంచుల్లో పొడవుగా ఉండే పవర్ లైన్లు కొన్ని బోర్డుల్లో సరిగ్గా మధ్యలో తెగి ఉంటాయి. ఈ సంగతి తెలియక ‘సగం సర్క్యూట్‌కు పవర్ రావట్లేదు’ అని గంటలు పోగొట్టుకునే వాళ్లున్నారు. బీప్ ఆగిన చోట ఒక చిన్న వైరుతో కలిపేస్తే సరి.

జాగ్రత్త విషయం ఒక్కసారి చెబుతాను, గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ దారిలో ఎక్కడా ఇంటి ప్లగ్‌లోని 230 వోల్టుల జోలికి వెళ్లాల్సిన పని లేదు. పాడైన చార్జర్లు, టీవీ పవర్ సప్లయ్‌లు, మైక్రోవేవ్ ఓవెన్లు విప్పకండి. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా వాటి కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ ఉండొచ్చు. పాత ఫోన్ల లిథియం బ్యాటరీలతో కూడా ప్రయోగాలు వద్దు.

అడుగు 5: మొదటి సర్క్యూట్‌ను పూర్తిగా పిండండి

బ్యాటరీ, రెసిస్టర్, ఎల్‌ఈడీ. ఎల్‌ఈడీ వెలగగానే ‘అయిపోయింది’ అనుకుని తర్వాతి వీడియోకి వెళ్లిపోతారు. ఈ మూడు వస్తువుల్లో ఒక వారం పాఠం ఉంది.

ముందు లెక్క. ఎర్ర ఎల్‌ఈడీ వెలిగేటప్పుడు దాని మీద సుమారు 2 వోల్టులు పడతాయి. 9 లోంచి 2 తీసేస్తే రెసిస్టర్ మీద 7 వోల్టులు. 15 మిల్లీఆంపియర్ల కరెంట్ కావాలనుకుంటే 7ను 0.015తో భాగించాలి, 467 ఓమ్‌లు వస్తుంది. షాపులో 467 దొరకదు, దగ్గరి స్టాండర్డ్ విలువ 470. దాని రంగు పట్టీలు పసుపు, వంగపండు రంగు, గోధుమ, చివర బంగారు. బంగారు పట్టీ అంటే అసలు విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని. ఆ రెసిస్టర్ ఎంత వేడిని తట్టుకోవాలి? 7 వోల్టులను 15 మిల్లీఆంపియర్లతో గుణిస్తే 0.1 వాట్ పైచిలుకు. పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది.

ఇప్పుడు సిమ్యులేటర్‌లో చూసి, బోర్డు మీద పెట్టండి. ఎల్‌ఈడీ పొడుగు కాలు పాజిటివ్ వైపు. కరెంట్ కొలవడానికి మీటర్‌ను ఆంపియర్ల మోడ్‌లోకి తిప్పకండి. కొత్తవాళ్లు ఎక్కువగా ఫ్యూజ్ కాల్చుకునేది అక్కడే. వోల్టుల మోడ్‌లోనే ఉంచి రెసిస్టర్ రెండు కొసల మధ్య కొలవండి. 6.8 వచ్చిందనుకోండి. 6.8ను 470తో భాగిస్తే 14.5 మిల్లీఆంపియర్లు. సర్క్యూట్‌ను తెంచకుండానే కరెంట్ తెలిసిపోయింది. పని తెలిసినవాళ్లు కూడా చాలాసార్లు ఇలాగే చేస్తారు.

లెక్కలో 7, మీటర్‌లో 6.8. తేడా ఎక్కడిది? బ్యాటరీని కొలిచి చూడండి, 9 వోల్టులు ఉండకపోవచ్చు. ఎల్‌ఈడీ మీద కొలవండి, 2 కాకుండా 1.9 ఉండొచ్చు. రెసిస్టర్‌ను సర్క్యూట్ నుంచి తీసి కొలవండి. ఈ మూడు అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుంటే తేడా లెక్క తేలిపోతుంది.

ఎల్‌ఈడీ వెలగలేదంటే ఇంకా మంచిది, రిపేర్ నేర్చుకునే అవకాశం వచ్చింది. మీటర్ నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించి ఉంచండి. ఎర్ర ప్రోబ్‌ను పాజిటివ్ నుంచి ఒక్కో అడుగూ ముందుకు జరపండి. బ్యాటరీ దగ్గర 9 ఉండాలి. రెసిస్టర్ దాటాక, ఎల్‌ఈడీకి ముందు, సుమారు 2 ఉండాలి. అక్కడ కూడా 9 చూపిస్తే కరెంట్ పారడం లేదన్నమాట: ఎల్‌ఈడీ తిరగేసి పెట్టారు, లేదా దాని తర్వాత నెగెటివ్‌కు వెళ్లే వైరు కలవలేదు. అక్కడ 0 చూపిస్తే రెసిస్టర్ కాలు వేరే వరసలో పడింది, లేదా ఎల్‌ఈడీ రెండు కాళ్లూ ఒకే వరసలో ఉన్నాయి. ఎంత పెద్ద సర్క్యూట్‌కైనా తప్పు పట్టుకునే పద్ధతి ఇదే. ఏ పాయింట్‌లో ఎంత ఉండాలో ముందే తెలిసి ఉండాలి, అంతే.

అడుగు 6: మీటర్‌ను కూడా అనుమానించండి

కోర్సుల్లో వోల్టేజ్ డివైడర్ పాఠం వస్తుంది. రెండు సమాన రెసిస్టర్లు సీరీస్‌లో పెడితే మధ్యలో సగం వోల్టేజ్. రెండు 1 కిలోఓమ్ రెసిస్టర్లతో చేయండి, 9 వోల్టులకు 4.5 వస్తుంది. ఇప్పుడు అవే స్థానాల్లో రెండు 1 మెగాఓమ్ రెసిస్టర్లు పెట్టండి. లెక్క ప్రకారం మళ్లీ 4.5 రావాలి. మీ చేతిలో ఉన్నది డీటీ830 మోడల్ చవక మీటర్ అయితే సుమారు 3 చూపిస్తుంది!

మీటర్ పాడవలేదు. ఆ రకం మీటర్ లోపలి రెసిస్టెన్స్ 1 మెగాఓమ్. కొలవడానికి ఆనించగానే అది కింది రెసిస్టర్‌కు సమాంతరంగా చేరి దాన్ని అర మెగాఓమ్ చేసేస్తుంది. ఒకటిన్నర మెగాఓమ్‌లో అర అంటే మూడో వంతు, 9లో మూడో వంతు 3. లోపల 10 మెగాఓమ్‌లున్న మీటర్ అయితే 4.3 దాకా చూపిస్తుంది. కొలిచే పరికరం కూడా సర్క్యూట్‌లో భాగమేనని ఈ ఒక్క ప్రయోగంతో అర్థమైపోతుంది. రేపు ఆసిలోస్కోప్ ముందు కూర్చున్నా ఇదే సూత్రం. నా దృష్టిలో మొదటి నెలలో చేయాల్సిన ప్రయోగాలన్నిట్లోకీ విలువైనది ఇదే.

అడుగు 7: కెపాసిటర్‌ను కంటితో చూడటం

కెపాసిటర్ చార్జ్ అయ్యే పాఠం రాగానే బోర్డు నిండా ఘాతాంక సమీకరణాలు కనిపిస్తాయి, చాలామంది అక్కడే బెదిరిపోతారు. ముందు ప్రయోగం చేసి తర్వాత సమీకరణం చూడండి. ‘ముందు లెక్క’ అన్న నియమాన్ని నేను సడలించేది ఇక్కడొక్కచోటే.

10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ సీరీస్‌లో పెట్టండి. కెపాసిటర్ మీద గీత ఉన్న కాలు నెగెటివ్‌కే వెళ్లాలి, తిరగేస్తే పాడవుతుంది, పగిలే ప్రమాదమూ ఉంది. ఈ రెండు విలువలను గుణిస్తే 10 సెకన్లు. మీటర్ కెపాసిటర్ మీద పెట్టి, బ్యాటరీ కలిపి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. 10 సెకన్లకు 9 వోల్టుల్లో 63 శాతం, అంటే సుమారు 5.7. 20 సెకన్లకు 7.8 దగ్గర. 30 సెకన్లకు 8.5 దాటుతుంది. మొదట్లో గబగబా ఎక్కిన అంకె పోనుపోను నీరసిస్తుంది. ఎందుకంటే కెపాసిటర్ నిండేకొద్దీ రెసిస్టర్ మీద మిగిలే వోల్టేజ్ తగ్గుతుంది, దాంతో కరెంట్ తగ్గుతుంది, దాంతో నిండే వేగమూ తగ్గుతుంది. పది సెకన్లకోసారి రాసుకున్న అంకెలతో గ్రాఫ్ గీసి, అప్పుడు లెక్చర్‌కు తిరిగి వెళ్లండి. అదే సమీకరణం ఈసారి మీ గ్రాఫ్ గురించి మాట్లాడుతుంది.

మీ టైమింగ్ పది, ఇరవై శాతం తేడాగా వస్తే కంగారుపడకండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువలో 20 శాతం తేడా మామూలే.

అడుగు 8: ట్రాన్సిస్టర్, డేటాషీట్

డయోడ్ పాఠాలు త్వరగానే గడిచిపోతాయి. ట్రాన్సిస్టర్ దగ్గర వేగం తగ్గించండి. కోర్సుల్లో ఆంప్లిఫయర్, బయాసింగ్, స్మాల్ సిగ్నల్ మోడల్ అంటూ లోతుకు వెళ్తారు. అవి వింటూనే చేతితో మాత్రం ట్రాన్సిస్టర్‌ను స్విచ్‌గా వాడటం ముందు నేర్చుకోండి. సొంత ప్రాజెక్టుల్లో మొదట అవసరమయ్యేది అదే.

ఇక్కడే డేటాషీట్ (ఒక భాగం గురించి తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) చదవడం మొదలవుతుంది. బీసీ547 డేటాషీట్ తయారీ కంపెనీల సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. అన్ని పేజీలూ చదవక్కర్లేదు. ముందు కాళ్ల వరస చూడండి: చదునైన వైపు మీకు ఎదురుగా ఉంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. తర్వాత గరిష్ఠ పరిమితుల పట్టిక: కలెక్టర్ కరెంట్ 100 మిల్లీఆంపియర్లు, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు 45 వోల్టులు. అవి దాటకూడని హద్దులు, రోజూ నడపాల్సిన విలువలు కావు.

ఒక 5 వోల్టుల చిన్న రిలేను (కాయిల్‌లో కరెంట్ పారితే కదిలే స్విచ్) దీంతో నడపాలనుకుందాం. కాయిల్ రెసిస్టెన్స్ 70 ఓమ్‌లైతే కరెంట్ 71 మిల్లీఆంపియర్లు, 100లోపే ఉంది కాబట్టి పర్వాలేదు. ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ అవ్వాలంటే బేస్‌కు అందులో పదో వంతు, సుమారు 7 మిల్లీఆంపియర్లు ఇవ్వడం వాడుక. 5 వోల్టుల్లో బేస్ దగ్గర 0.7 పోగా 4.3 మిగులుతుంది. 4.3ను 7 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 614 ఓమ్‌లు, కాబట్టి 560 లేదా 680 పెట్టొచ్చు. రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్‌ను, దాని పట్టీ పాజిటివ్ వైపు ఉండేలా తప్పకుండా పెట్టాలి. కరెంట్ ఆగిన క్షణంలో కాయిల్ పుట్టించే ఎదురు వోల్టేజ్ అది లేకపోతే ట్రాన్సిస్టర్‌ను చంపేస్తుంది. రిలే క్లిక్‌మని శబ్దం చేస్తే చాలు, దానికి ఇంటి కరెంట్ కలపకండి.

అడుగు 9: ఆప్‌ఆంప్, 555

కోర్సుల్లో ఆప్‌ఆంప్ అనగానే 741 ఐసీ, ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల సప్లయ్ చూపిస్తారు. ఇంట్లో మైనస్ 15 ఎక్కడినుంచి తెస్తాం? ఎల్‌ఎం358 తీసుకోండి, ఒక్క 9 వోల్టుల బ్యాటరీతో పనిచేస్తుంది. దాని అవుట్‌పుట్ మాత్రం పూర్తిగా 9 దాకా వెళ్లదు, ఒకటిన్నర వోల్టుల కింద ఆగిపోతుంది. ఆ మాట డేటాషీట్‌లోనే ఉంటుంది.

మొదటి ప్రాజెక్ట్‌గా చీకటి పడగానే వెలిగే దీపం చేయండి. 9 వోల్టుల నుంచి ఎల్‌డీఆర్, దాని కింద గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్. రెంటి మధ్య పాయింట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు, పొటెన్షియోమీటర్ (దాని చివరి కాళ్లు రెండూ 9 వోల్టులకు, గ్రౌండ్‌కు) మధ్య కాలును ప్లస్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. చీకట్లో ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ పెరిగి మైనస్ ఇన్‌పుట్ వోల్టేజ్ పడిపోతుంది, అవుట్‌పుట్ పైకి లేస్తుంది, 470 ఓమ్‌ల ద్వారా ఎల్‌ఈడీ వెలుగుతుంది. సరిగ్గా సంజవేళ ఒక తమాషా జరగొచ్చు: ఎల్‌ఈడీ వెలుగు ఎల్‌డీఆర్ మీద పడితే ఆరిపోతుంది, ఆరగానే మళ్లీ వెలుగుతుంది, మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి చూడండి. వెలిగే స్థాయికీ ఆరే స్థాయికీ మధ్య కాస్త ఎడం ఏర్పడి చాలావరకు కుదురుకుంటుంది. లెక్చర్‌లో ‘హిస్టరిసిస్’ అని ఒక గ్రాఫ్ చూపించి ముందుకెళ్లిపోయే సంగతి ఇదే.

555 టైమర్‌ను హాన్స్ కామెంజిండ్ 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించారు. ఇప్పటికీ మార్కెట్లో ఉంది. 8వ కాలు నుంచి 7కు 10 కిలోఓమ్, 7 నుంచి 6కు 68 కిలోఓమ్, 6ను 2తో కలిపి అక్కడి నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్. 4ను 8తో కలిపి బ్యాటరీ పాజిటివ్‌కు ఇవ్వాలి, 1 గ్రౌండ్‌కు, 3వ కాలు అవుట్‌పుట్. దానికి 470 ఓమ్ ద్వారా ఎల్‌ఈడీ కలిపితే సుమారు సెకనుకు ఒకసారి మెరుస్తుంది. అడుగు 7లో కొలిచిన చార్జింగే లోపల జరుగుతోంది: కెపాసిటర్ సప్లయ్‌లో మూడింట రెండు వంతులకు ఎక్కి, మూడో వంతుకు దిగి, మళ్లీ ఎక్కుతుంది. 2వ కాలు దగ్గర మీటర్ పెడితే ఆ ఎక్కిదిగడం అంకెల్లో కొంతవరకు కనిపిస్తుంది. ఇంకా స్పష్టంగా కావాలంటే కెపాసిటర్‌ను 100 మైక్రోఫారడ్ చేసి నెమ్మదింపజేయండి.

అడుగు 10: ఆర్డుయినో ఇప్పుడు

ఆర్డుయినోతోనే మొదలుపెట్టమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. ప్రోగ్రాం కాపీ చేసి ఎల్‌ఈడీ మెరిపించడం తేలికే కానీ, పిన్ నుంచి ఎంత కరెంట్ తీసుకోవచ్చో తెలియకుండా నేరుగా మోటార్ కలిపితే బోర్డు పోతుంది. ఆర్డుయినో ఉనో ఆర్3 బోర్డు పిన్ ఒక్కోదాని నుంచి 20 మిల్లీఆంపియర్ల లోపు తీసుకోవడం క్షేమం. పైన రిలేకు ట్రాన్సిస్టర్ ఎందుకు పెట్టామో ఇప్పుడు తెలుస్తుంది. 560 ఓమ్‌ల బేస్ రెసిస్టర్‌తో పిన్ ఇవ్వాల్సింది 8 మిల్లీఆంపియర్ల లోపే.

మీకు వచ్చిన సర్క్యూట్‌తోనే మొదలుపెట్టండి. ఎల్‌డీఆర్ డివైడర్‌ను ఈసారి 9 వోల్టులకు కాకుండా బోర్డులోని 5 వోల్టుల పిన్‌కు కలిపి, మధ్య పాయింట్‌ను అనలాగ్ పిన్‌కు ఇవ్వండి. 0 నుంచి 5 వోల్టుల మధ్య ఉన్నది 0 నుంచి 1023 మధ్య అంకెగా వస్తుంది. మీటర్ చూపే వోల్టేజ్‌ను 5తో భాగించి 1023తో గుణిస్తే స్క్రీన్ మీది అంకెకు దగ్గరగా రావాలి. మోటార్‌కో, రిలేకో వేరే బ్యాటరీ వాడితే దాని నెగెటివ్‌ను ఆర్డుయినో గ్రౌండ్‌తో కలపాలి. ‘ప్రోగ్రాం కరెక్టే, అయినా పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఆ ఒక్క వైరే కారణం.

సమయం, సర్టిఫికెట్, ఆ తర్వాత

రోజుకు గంట పెట్టగలిగితే, అందులో వీడియోకు అరగంట మించనివ్వకండి. ఆదివారం మొత్తం ప్రయోగాలకే. ఈ లెక్కన పై అడుగులన్నిటికీ ఆరు నెలలు పట్టినా ఆలస్యమేమీ కాదు.

సర్టిఫికెట్ కావాలంటే ఎన్‌పీటీఈఎల్‌లో జనవరి, జులై సెమిస్టర్లలో పేరు నమోదు చేసుకోవాలి. చేరడం ఉచితం, పరీక్ష రాసేవాళ్లే ఫీజు కట్టాలి. అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌లో రాసే పరీక్షకు 75 మార్కులు. 12 వారాల కోర్సులో ఉత్తమ 8 అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. మీ కాలేజీ క్రెడిట్లు ఇస్తుందో లేదో పరీక్ష ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్‌తోపాటు మీ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. ‘లెక్కలో ఇంత, మీటర్‌లో ఇంత, తేడా ఇందుకు’ అని రాసి ఉన్న పేజీల మీద ప్రశ్న అడిగితే మీరు జవాబు వెతుక్కోవాల్సిన అవసరం ఉండదు.

బ్రెడ్‌బోర్డ్ మీద నమ్మకంగా పనిచేసిన ఒక సర్క్యూట్‌ను తీసుకుని దాన్ని పీసీబీగా (రాగి గీతలే వైర్లుగా ఉండే బోర్డు) మార్చడం తర్వాతి పని. కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డ్రాయింగ్ వేసి చిన్న బోర్డులు చేయించుకోవచ్చు. సోల్డరింగ్‌కు 25 వాట్ల ఐరన్ చాలు. కిటికీ తెరిచి ఉంచండి, లెడ్ ఉన్న సోల్డర్ వాడితే పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి. అక్కడినుంచి దారులు విడిపోతాయి. అనలాగ్ నచ్చినవాళ్లు రజావీ పాఠాలకు వెళ్లొచ్చు. ఎంబెడెడ్ (పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రాం రాసే పని) నచ్చినవాళ్లు ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోవచ్చు, దాని పిన్లు మాత్రం 3.3 వోల్టులవి, 5 వోల్టుల సిగ్నల్ నేరుగా ఇవ్వకూడదు. చిప్ డిజైన్ వైపు చూస్తున్నవాళ్లు 6.002లో మాస్‌ఫెట్ (చిప్‌లలో వాడే ఒక రకం ట్రాన్సిస్టర్) పాఠాలను మొదటి నుంచి మళ్లీ చూసి, ప్రతి సర్క్యూట్‌నూ ఎల్‌టీస్పైస్‌లో నడిపి చూడాలి.